క్రాన్‌ఫర్డ్ ఆడవాళ్ళు మన పక్కింటి వాళ్ళే!

మధ్యాహ్నం రెండున్నరకి వంటింటి గట్టు తుడిచి, అంట్లు తోమి బోర్లించి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటామే... ఆ గంట మనది. పిల్లలు వచ్చేలోగా, కుళాయి వచ్చేలోగా ఆ ఒక్క గంటా ఎవరూ అడగరు. ఆ గంటలో మీరేం చూస్తారో నాకు తెలీదుగానీ నేను మాత్రం మూడేళ్ళుగా ఇంగ్లండు పల్లెటూళ్ళు చూస్తున్నాను. నవ్వకండి. మా వారు చాలినంత నవ్వేశారు. "మళ్ళీ ఆ గౌన్ల సీరియలేనా?" అని ఆయన ఆఫీసు నుంచి రాగానే అడిగే మొదటి ప్రశ్న.

ఇదంతా మా పెద్దమ్మాయి చేసిన పని. ఉద్యోగానికి వెళ్తూ పాత ల్యాప్‌టాప్ నాకిచ్చి, "అమ్మా, నీకు నచ్చుతాయి చూడు" అని కొన్ని ఇంగ్లీషు సీరియల్స్ పెట్టింది. నాది ఇంటర్ చదువు. వాళ్ళ మాట నాకెక్కడ అర్థమవుతుందీ అనుకున్నాను. కింద అక్షరాలు పడతాయిగా! ఆపి, చదువుకుని, మళ్ళీ నడిపించి... మొదటి భాగం గంటసేపుండేది, నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఇప్పుడు ఆపకుండానే చూసేస్తున్నాననుకోండి.

వందా నూట యాభై ఏళ్ళ కిందటి పరాయి దేశపు పల్లెటూళ్ళు మనకెందుకు అంటారేమో. నేనూ మొదట ఆ పూల టోపీలూ, గుర్రబ్బగ్గీలూ, రాతి గోడల మీద అల్లుకున్న గులాబీలూ చూసే మురిసిపోయాను. నాలుగు రోజులకి ఆ ముచ్చట తీరిపోయింది. ఆ తర్వాత కూడా కుర్చీలోంచి లేవనివ్వనిది ఇంకేదో ఉంది. అదేమిటో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అన్నిట్లోకీ నాకిష్టమైంది 'క్రాన్‌ఫర్డ్'. బీబీసీ వాళ్ళు 2007లో ఐదు భాగాలుగా తీశారు. ఎలిజబెత్ గాస్కెల్ అనే ఆవిడ రాసిన కథలు దానికి ఆధారం. ఈ గాస్కెల్ 1810లో పుట్టింది. ఏడాది దాటగానే తల్లి పోతే, తల్లి తోబుట్టువు ఇంట్లో, నట్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో పెరిగింది. ఆ ఊరే కథలో క్రాన్‌ఫర్డ్ అయింది. అన్నట్టు ఈ కథలు మొదట పుస్తకంగా రాలేదండోయ్! 1851 నుంచి 1853 దాకా చార్లెస్ డికెన్స్ నడిపిన వారపత్రికలో అప్పుడో విడతా ఇప్పుడో విడతా వచ్చాయి. మనం వారం వారం ఎదురుచూసినట్టే అక్కడి ఆడవాళ్ళూ ఎదురుచూసి ఉంటారు.

ఇందులో హీరో లేడు. హీరోయిన్ అనదగ్గ మిస్ మ్యాటీ పెళ్ళికాని పెద్దావిడ. ఆవిడగా వేసిన జూడీ డెంచ్‌కీ, అక్క డెబొరాగా వేసిన ఐలీన్ అట్కిన్స్‌కీ అప్పటికే డెబ్భై దాటాయి. మన సీరియల్స్‌లో డెబ్భై ఏళ్ళావిడ ఏం చేస్తుంది? దేవుడి గదిలో దీపం పెడుతుంది, లేదా కోడల్ని సాధిస్తుంది. ఇక్కడ కథంతా వాళ్ళదే. వాళ్ళ ముడతలు వాళ్ళకున్నాయి, వాళ్ళ చిన్ననాటి ప్రేమలు వాళ్ళకున్నాయి, వాళ్ళ పంతాలు వాళ్ళకున్నాయి. చెప్పొద్దూ, నలభై దాటాక అద్దంలో చూసుకోవడం తగ్గించిన నాకు ఆ ముఖాల్ని అంత దగ్గరగా చూపిస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

సీరియల్ నచ్చాక పుస్తకం కూడా కావాలనిపించింది. అమ్మాయి ఫోన్లో దింపిచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు నెలలు చదివాను. అందులో పొదుపు సంగతులు చూడాలి మీరు! మ్యాటీగారింట్లో సాయంత్రం పూట ఒక్క కొవ్వొత్తే వెలిగిస్తారు. కానీ బల్ల మీద రెండుంటాయి. ఎవరైనా వస్తే రెండూ వెలిగించాలి కదా, అప్పుడు ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా ఉంటే రోజూ ఒక్కటే వెలిగిస్తారని తెలిసిపోతుంది! అందుకని కాసేపు దాన్నీ కాసేపు దీన్నీ వెలిగిస్తూ రెండిటినీ సమానంగా అరగదీస్తారు. ఇది చదువుతూ నేను మా షోకేసులోని గాజు గ్లాసుల వంక చూశాను. పెళ్ళికొచ్చిన ఆ ఆరు గ్లాసులూ చుట్టాలొస్తేనే కిందికి దిగుతాయి. మేం తాగేది స్టీలు గ్లాసుల్లో.

ఇంకోటి. మిసెస్ ఫారెస్టర్ అనే ఆవిడ తేనీటి విందుకి పిలుస్తుంది. పనిపిల్ల వచ్చి అతిథుల కాళ్ళు తప్పించమని సోఫా కింద నుంచి ట్రే లాగుతుంది. ఇల్లు అంత ఇరుకు! అయినా అది లోకంలో మామూలే అన్నట్టు అందరూ కబుర్లలో పడిపోతారు. పొద్దున్నించీ పొయ్యి దగ్గర నిలబడి కేకులు చేసింది ఆవిడే. వంటవాళ్ళు ఏం పంపుతారో తనకే తెలీనట్టు కూర్చుంటుంది. చేసింది ఆవిడేనని వచ్చినవాళ్ళకి తెలుసు. వాళ్ళకి తెలుసని ఆవిడకీ తెలుసు. ఒక్కరూ పైకనరు. లేమిని ఒకరి ముందొకరు అలా కప్పిపుచ్చుకోవడంలో ఎంత మర్యాద ఉందో, ఎంత బాధ ఉందో మనకి వేరే చెప్పాలా?

ఈవిడదే పిల్లి కథ కూడా. విదేశాల్లో సన్యాసినులు చేత్తో అల్లిన పాతకాలపు లేసు ఒకటి ఈవిడ దగ్గరుంది. అలాంటిది మళ్ళీ కొనే స్తోమత లేదు. చాకలికి వెయ్యదు, తనే ఉతుక్కుంటుంది. దానికి పద్ధతేమిటంటే పాలల్లో నానబెట్టడం. అలా నానబెట్టి అటు తిరిగేసరికి పిల్లి పాలతో బాటు లేసు కూడా మింగేసింది! ఏం చేస్తుంది పాపం? జాములో వాంతి మందు కలిపి పిల్లికి పెట్టి, రక్కకుండా దాన్ని మగవాళ్ళ పొడుగాటి బూటులో దూర్చి, లేసు బయటికొచ్చేదాకా కూర్చుంది. వచ్చాక ఉతికి ఎండలో పొదమీద ఆరేసి, మళ్ళీ మెడకి కట్టుకుంది! ఆ లేసు కట్టుకునే ఈ కథ నలుగురికీ చెబుతుంది. నేను నవ్వలేక చచ్చాను. లేసంటే ఏమిటో నాకు తెలుసులెండి. మన నర్సాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్ళు ఇంటరుగుల మీద కూర్చుని అల్లే లేసు పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిందే. మా పెద్దత్తయ్య అల్లేది. వేళ్ళు వంకర్లు పోయాయిగానీ ఒక్క ముక్క కూడా తన కోసం ఉంచుకోలేదు.

అందమే కాదు, ఆకలీ ఉంది

అయితే ఒక మాట. ఈ సీరియల్స్ చూసి "ఆ రోజులే బాగున్నాయి" అనేసుకోకండి. మనం గౌను వేసుకుని టీ తాగేవాళ్ళలో ఉంటామనే కదా అనుకుంటాం! అంట్లు తోమేవాళ్ళలో ఉంటామని ఒక్కరికీ తోచదు. క్రాన్‌ఫర్డ్ సినిమా తీసిన లాకాక్ అనే ఊరు ఎంత అందంగా ఉంటుందంటే, 1995 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' కూడా అక్కడే తీశారు. 1944 నుంచీ ఆ ఊరు చాలావరకూ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ చేతిలో ఉంది. అందుకే పాతది పాతగా నిలిచింది. కానీ అసలు నట్స్‌ఫర్డ్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలోనే మాంచెస్టర్ నూలు మిల్లులుండేవి. వాటిలో చిన్నపిల్లలు కూడా పనిచేసేవారు. మన నేతగాళ్ళ మగ్గాల్ని దెబ్బతీసిన మిల్లు గుడ్డ అక్కణ్ణించి వచ్చిందే. గాస్కెల్ పెళ్ళయ్యాక ఉన్నది మాంచెస్టర్‌లోనే. ఆ కూలీల బతుకు మీద 1848లో 'మేరీ బార్టన్' అని నవలే రాసింది. తెలియక కాదు ఆవిడ కొవ్వొత్తుల కథ రాసింది.

'లార్క్ రైజ్ టు క్యాండిల్‌ఫర్డ్' ఇంకో సీరియల్. 2008 నుంచి 2011 దాకా నలభై భాగాలొచ్చింది. కథంతా ఓ పల్లె, పక్కనే ఓ చిన్న పట్నం, పోస్టాఫీసు నడిపే డోర్కస్ అనే ఆవిడ, ఆవిడ దగ్గర పనికొచ్చిన లారా. హాయిగా ఉంటుంది, కంటికి ఇంపుగా ఉంటుంది. దీనికి మూలం ఫ్లోరా థాంప్సన్ తన చిన్నతనం గురించి 1939 నుంచి 1943 దాకా రాసిన మూడు పుస్తకాలు. 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని జూనిపర్ హిల్ అనే పల్లెలో పుట్టిందావిడ. సీరియల్ హాయే గానీ పుస్తకంలో లెక్కలున్నాయి. పొలం కూలీకి వారానికి పది షిల్లింగులు. దాంతోనే ఇంటెడు పిల్లలూ బతకాలి.

వంట సంగతి వినండి, మీకు నచ్చుతుంది. రోజుకి ఒక్కసారే వేడి వంట, అదీ సాయంత్రం మగవాళ్ళు పొలం నుంచి వచ్చే వేళకి. కుంపటికీ కట్టెలకీ కరువే కాబట్టి అంతా ఒకే కుండలో! నీళ్ళు మరుగుతుంటే అందులో మనిషికి ఓ ముక్క రుచికి సరిపడా ఉప్పు వేసిన పంది మాంసం, ఓ వల సంచీలో క్యాబేజీ, ఇంకో వల సంచీలో బంగాళాదుంపలు, గుడ్డలో మూటగట్టిన పిండి రోలు... దేని టైముకి దాన్ని దించుతూ, దేని టైముకి దాన్ని తీస్తూ ఉండాలి. మన కుక్కర్లో మూడు గిన్నెలు పెట్టడం ఇంతకంటే కష్టమా? కోతలైపోయాక ఆడవాళ్ళూ పిల్లలూ పొలంలో రాలిన కంకులు ఏరుకొచ్చి చలికాలానికి పిండి పట్టించుకునేవారు. మన వైపు పరిగ ఏరుకోవడం అంటాం చూడండి, అదే. మా అమ్మకీ మాట చెబితే, "అక్కడ కూడానా!" అని ఆశ్చర్యపోయింది.

మా అమ్మ దగ్గరికొచ్చేశాను. అసలు రాయాలనుకున్నది అదే.

అమ్మ చూసిన బ్యాంకు

అమ్మకి డెబ్భై రెండు. తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. కిందటి సంవత్సరం కంటి ఆపరేషనుకని వచ్చి నెలన్నర నా దగ్గరుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కళ్ళకి విశ్రాంతి చాలని డాక్టరు టీవీ చూడనిచ్చాక, నా పక్కన కూర్చుని గౌన్ల సీరియల్ చూడ్డం మొదలుపెట్టింది. నేను మధ్యమధ్య చెప్పేదాన్ని. ఒకచోట మ్యాటీ డబ్బు దాచుకున్న బ్యాంకు దివాలా తీస్తుంది. నేనింకా చెప్పనేలేదు. ఆవిడ ముఖం చూసి అమ్మే అడిగింది, "డబ్బు పోయిందా ఆవిడకి?" అని.

అవునని, సీరియల్ ఆపి పుస్తకంలో ఉన్నది చెప్పాను. మ్యాటీ పట్టు బట్ట కొనుక్కుందామని ఐదు బంగారు సవరన్లు పట్టుకుని కొట్టుకెళ్తుంది. అక్కడ ఓ రైతు శాలువా కొంటూ ఆ బ్యాంకు నోటు ఇస్తాడు. ఆ బ్యాంకు మునిగేట్టుందట, నోటు చెల్లదంటాడు కొట్టతను. మ్యాటీ ఆ బ్యాంకులో వాటాదారు. తన బ్యాంకు నోటు నమ్మి ఓ మనిషి నష్టపోవడమేమిటని తన సవరన్లు ఐదూ ఆ రైతుకిచ్చి, పనికిరాని ఆ నోటు తను తీసుకుంటుంది. పట్టు బట్ట కొనకుండా ఇంటికెళ్ళిపోతుంది. సవరనంటే ఎంతనుకున్నారు? ఇంచుమించు ఎనిమిది గ్రాములు, అంటే మన కాసు. ఐదు కాసుల బంగారమన్నమాట! ఆ తర్వాత ఆవిడకి మిగిలిన రాబడి ఏడాదికి పదమూడు పౌండ్లు, అంటే వారానికి ఐదు షిల్లింగులు. లార్క్ రైజ్ కూలీ జీతంలో సగం.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "ఆవిడకి ఇవ్వడానికి ఐదు కాసులన్నా ఉన్నాయి" అంది.

1997లో నేను ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాశాను. మంచి మార్కులొచ్చాయి. డిగ్రీకి గుంటూరు పంపిస్తారనుకున్నాను. "ఎందుకులే, సంబంధాలొస్తున్నాయి" అంది అమ్మ. నాన్నే వద్దన్నారని, ఆయన మాట అమ్మ చెబుతోందని పాతికేళ్ళకి పైగా అనుకుంటూ వచ్చాను. నాన్నపోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన మీద ఆ కోపం నాకు పూర్తిగా పోలేదు, అబద్ధమెందుకు.

జరిగింది వేరు. గేదె పాలమ్మిన డబ్బు అమ్మ ఏడేళ్ళు పట్నంలో ఓ ఫైనాన్స్ కంపెనీలో కట్టింది. వడ్డీతో కలిపి నా చదువుకొస్తుందని. ఆ వేసవిలో రాత్రికి రాత్రి వాళ్ళు బోర్డు పీకేసి వెళ్ళిపోయారు. నాన్నకి కూడా చెప్పలేదట. అంతేకాదు, అమ్మ మాట మీద పక్కింటావిడ కూడా కొంత కట్టింది. ఆవిడకి మొగుడు లేడు, ఇద్దరు చిన్నపిల్లలు. అమ్మ తన గాజుల జత అమ్మి ఆవిడ డబ్బు ఆవిడకిచ్చేసింది. "కంపెనీ వాళ్ళు నీది ముందిచ్చారు" అని చెప్పిందట! గాజులు నీళ్ళు తోడుతుంటే బావిలో జారిపోయాయని మాతో అంది. నాకు బాగా గుర్తు. నాన్న మనిషిని పెట్టి బావిలో దింపించారు. రెండు రోజులు వెతికారు. మేం పిల్లలం గట్టు మీద వంగి చూస్తూ నిలబడ్డాం. అమ్మ కూడా మాతోనే నిలబడింది.

"నాతో అన్నా చెప్పొచ్చుగా అమ్మా?" అన్నాను.

"చెబితే డబ్బొస్తుందా? నలుగురికీ తెలిస్తే పాలు పోయించుకునేవాళ్ళు కూడా అయ్యో పాపం అంటారు. అది పడలేకపోయాను" అంది. కాసేపాగి, "నీకు చెప్పుండాల్సిందే" అంది.

నేనేమీ అనలేకపోయాను. స్క్రీన్ మీద మ్యాటీ బొమ్మ అలాగే ఆగిపోయి ఉంది. చివరికి అమ్మే, "పెట్టవే, ఆవిడ గతేమయిందో చూద్దాం" అంది.

ఆవిడ గతేమయిందో మీకూ చెబుతాను. పనమ్మాయి మార్తా ఉందే, జీతం ఇచ్చుకోలేనమ్మా వెళ్ళిపో అంటే వెళ్ళనంటుంది. పుస్తకంలో తన డబ్బుతో సరుకులు తెచ్చి, ఎండుద్రాక్ష కళ్ళు పెట్టి సింహం ఆకారంలో ఓ పుడ్డింగు చేసి పెడుతుంది. ప్రేమించినవాణ్ణి తొందరపెట్టి పెళ్ళి చేసుకుని, ఆ ఇంట్లోనే కాపురం పెట్టి, మ్యాటీని తమతో ఉంచుకుంటుంది. ఇక స్నేహితురాళ్ళు... వాళ్ళూ అంతంతమాత్రం వాళ్ళేగా! మ్యాటీకి తెలీకుండా ఒకచోట చేరి, ఏడాదికి ఎంతివ్వగలరో ఎవరికి వాళ్ళు కాగితం మీద రాసి అంటించి ఇస్తారు. ఎవరిదెంతో పక్కవాళ్ళకి తెలీకూడదు. ఏడాదికి వంద పౌండ్లయినా రాని మిసెస్ ఫారెస్టర్, తనిస్తున్నది ఇంత తక్కువని సిగ్గుపడుతుంది. ఇది విని అమ్మ, "చూశావా, వాళ్ళు అడక్కుండానే కనిపెట్టారు" అంది. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. అమ్మ చేతులు బోసిగా ఉండడం మేమెవరం కనిపెట్టాం గనక?

ఇంకో సంగతి. ఈ క్రాన్‌ఫర్డ్ ఆడవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళికానివాళ్ళూ, భర్త పోయినవాళ్ళూను. అందుకే వాళ్ళ డబ్బు వాళ్ళ చేతిలో ఉంది. ఇంగ్లండులో 1870, 1882 చట్టాలు వచ్చేదాకా పెళ్ళయినావిడ సంపాదన చట్టప్రకారం భర్తదే. మ్యాటీ నష్టపోయినా తన డబ్బే నష్టపోయింది, ఐదు కాసులు ఎవర్నీ అడక్కుండా ఇచ్చేసింది. మా అమ్మ బావి కథ అల్లాల్సొచ్చింది.

తర్వాత మ్యాటీ ఇంటి ముందుగదిలో టీ పొడి అమ్మకం పెడుతుంది. ఊళ్ళో షాపాయనకి నష్టమేమోనని ముందు ఆయన్నే వెళ్ళి అడుగుతుంది. ఆయన తన బేరాలు కూడా ఈవిడ దగ్గరికి పంపిస్తాడు. గ్రీన్ టీ మాత్రం ఆరోగ్యానికి మంచిది కాదని ఈవిడ భయం, కొననివ్వకుండా బతిమాలుతుంది. ఇప్పుడు మా ఆడపడుచు పొద్దున్నే తాగేది అదే! పిల్లలొస్తే మిఠాయి తూకం కంటే ఎక్కువేస్తుంది. "ఇలా అయితే కొట్టు నిలబడదే" అని అమ్మ కంగారు.

ఆఖర్న తమ్ముడు పీటర్ వస్తాడు, మన దేశం నుంచే! చిన్నప్పుడు అక్క డెబొరా బట్టలు వేసుకుని ఆటపట్టించాడని తండ్రి అందరి ముందూ కొడితే ఇల్లు విడిచి పోయినవాడు. ఏడాది తిరక్కుండా తల్లి బెంగతో పోయింది. ఆవిడ ఎప్పటినుంచో కోరుకున్నలాంటి మెత్తటి తెల్లటి శాలువా ఇండియా నుంచి అతను పంపితే, అది ఆవిడ పోయిన మర్నాడు చేరింది. పుస్తకంలో ఆ శాలువా ఆవిడ మీద కప్పే సాగనంపుతారు. పీటర్ ఇన్నేళ్ళకి డబ్బుతో తిరిగొచ్చాడని నేను సంతోషపడుతుంటే, "ముందే వస్తే ఏం పోయింది వీడికి?" అంది అమ్మ.

మీరు చూస్తానంటే మాత్రం 'క్రాన్‌ఫర్డ్'తోనే మొదలుపెట్టండి, ఐదే భాగాలు. 2009లో దాని తరువాయి రెండు భాగాలొచ్చాయి. కింద అక్షరాలు పెట్టుకోండి, కూరగాయలు తరుగుతూ మాత్రం చూడకండి, నేను వేలు కోసుకున్నాను. అమ్మ ఊరెళ్ళిపోయింది. మొన్న ఫోన్ చేసి, "దసరాకి వచ్చేటప్పుడు ఆ పెట్టె పట్టుకురా. పిల్లి లేసు మింగింది మా వదిన నమ్మడంలేదు, చూపించాలి" అంది.